వంకాయను మీ దేశంలో ఏమంటారు? మెస్సు బోర్డు కోసం సాయం కావాలి

అడిగినవారు: మెస్సు నిర్వాహకురాలు, హైదరాబాదు

నమస్కారం. హైదరాబాదులో ఒక విశ్వవిద్యాలయ హాస్టల్ మెస్సు బాధ్యత నాది. మా దగ్గర భోంచేసేవాళ్లలో విదేశీ విద్యార్థులు చాలామంది ఉన్నారు. సూడాన్, ఇరాన్, అఫ్గానిస్థాన్, తజికిస్థాన్, టాంజానియా, వియత్నాం, కొరియా, మారిషస్ నుంచి వచ్చిన పిల్లలు.

మొన్న గుత్తివంకాయ వండిన రోజు వియత్నాం అమ్మాయి రెండు ముద్దలు తినగానే పెదవులు వాచాయి, నోరంతా దురద. చిన్నప్పటి నుంచి ఆమెకు వంకాయ పడదట. డాక్టరు మందు ఇచ్చాక తగ్గింది, ఇప్పుడు బాగానే ఉంది. బోర్డు మీద కూర పేరు తెలుగులోనూ ఇంగ్లిషులోనూ రాసే ఉంది. తెలుగు ఆమెకు రాదు. ఇంగ్లిషులో రాసిన ‘బ్రింజాల్’ అనే మాట ఆమె అంతకుముందు వినలేదు. బడిలో నేర్చుకున్న ఇంగ్లిషులో దాని పేరు ‘ఎగ్‌ప్లాంట్’. పైగా వాళ్ల ఊళ్లో వంకాయంటే మూరెడు పొడవున ఊదారంగులో ఉంటుందట. మసాలాలో మునిగిన గుండ్రటి కాయను చూసి పోల్చుకోలేకపోయింది.

అందుకని అందరి భాషల్లోనూ వంకాయ పేరు రాసి పెడదామనుకుంటున్నాను. ఫోనులో వెతికితే ఒక్కో భాషకు రెండు మూడు మాటలు వస్తున్నాయి. వాటిలో అక్కడి జనం నిజంగా పలికేది ఏదో తెలియడం లేదు. అరబ్బీ, ఫార్సీ పేర్లు మన బైంగన్‌కు చుట్టాల్లా వినిపిస్తున్నాయి. కొరియా పేరు పూర్తిగా వేరు. అసలు ఇంగ్లిషులోనే ఒక్క కాయకు మూడు పేర్లు ఎందుకున్నాయి? ఏది రాస్తే ఎక్కువమందికి అర్థమవుతుంది? తెలిసినవారు చెప్పండి.

ఓడ వంటవాడు, భీమిలి

అమ్మా, ఆ అమ్మాయి కోలుకున్నందుకు సంతోషం. నేను సరుకు ఓడల్లో చీఫ్ కుక్‌గా చేసి రిటైరయ్యాను. ఓడ రేవుకు చేరేముందు కూరగాయల జాబితా రాసి, ఓడలకు సరుకులు వేసే చాండ్లర్‌కు పంపడం నా పని. వంకాయ లేకుండా జాబితా రాసిన గుర్తు లేదు. అందుకే ఈ ప్రశ్న చూడగానే రాయాలనిపించింది.

ముందు మీ ఇంగ్లిషు సంగతి. ‘బ్రింజాల్’ అని రాస్తే డర్బన్‌లో, సింగపూర్‌లో, మలేషియా రేవుల్లో మారుమాట లేకుండా వంకాయలు వచ్చేవి. అదే మాట అమెరికా రేవులో రాస్తే ఇదేమిటని ఫోను చేసి అడిగేవారు. అక్కడా ఆస్ట్రేలియాలోనూ ‘ఎగ్‌ప్లాంట్’ అనాలి. కోడిగుడ్డంత తెల్ల వంకాయలను చూసి 18వ శతాబ్దంలో ఇంగ్లిషువాళ్లు పెట్టిన పేరు అది. ఆ తెల్ల రకం మన దగ్గరా ఉంది కదా. ఇంగ్లండులో మాత్రం ‘ఓబెర్జీన్’ అనే ఫ్రెంచి మాట వాడతారు, జర్మనీలోనూ అదే. మీరు బోర్డు మీద ఈ మూడూ రాయండి. ఒక్క బ్రింజాల్‌తో సరిపెడితే అది మనవాళ్లకు తప్ప చాలామందికి తెలియదు.

ఇప్పుడు చుట్టరికం సంగతి. మీ చెవికి తోచింది నిజమే. సంస్కృతంలో వంకాయకు ‘వాతింగణ’ అనే పేరుంది. ఆ మాటకు మూలం ద్రావిడ భాషల్లోనే ఉందని చాలామంది భాషా పండితులు అంటారు. మలయాళంలో ఇప్పటికీ ‘వళుతన’ అనే అంటున్నారు, కన్నడంలో ‘బదనె’. ఆ పేరు మన దేశం నుంచి పర్షియాకు వెళ్లి ‘బాదింగాన్’ అయింది. అరబ్బుల నోట ‘బాదింజాన్’ అయింది. అరబ్బులు స్పెయిన్‌ను ఏలిన కాలంలో కాయా పేరూ కలిసే అక్కడికి చేరాయి. స్పానిష్‌లో ‘బెరెన్‌హేనా’ అంటారు. బార్సిలోనాలో బజారుకు వెళితే కాటలాన్ భాషలో ‘అల్‌బెర్‌జీనియా’ అని బోర్డు కనిపిస్తుంది. ముందున్న ఆ ‘అల్’ అరబ్బీ మాటకు ముందు చేరేదే, ఊడకుండా అతుక్కుపోయింది. ఫ్రెంచివాళ్ల ఓబెర్జీన్ ఆ కాటలాన్ మాట నుంచే వచ్చింది.

పోర్చుగీసువాళ్లు దాన్నే ‘బెరింజేలా’ అన్నారు. 1498లో వాళ్ల ఓడలు కాలికట్టు చేరాయి. 1510లో గోవా వాళ్ల చేతికి వచ్చింది. మన కాయకు వాళ్లు పలికిన ఆ పేరే తర్వాత మన దేశంలోని ఇంగ్లిషువాళ్ల నోట ‘బ్రింజాల్’ అయింది. ఇక్కడి నుంచి బయలుదేరిన పేరు నడకదారిన పర్షియా, అరబ్బు దేశాలు దాటి, స్పెయిన్, పోర్చుగల్ చేరి, ఓడెక్కి మళ్లీ మన రేవుకే వచ్చింది! బ్రెజిల్‌లోని శాంతోస్ రేవులో బెరింజేలా అని నేను విన్న రోజు ఎంత ఆనందించానో చెప్పలేను. బ్రింజాల్ అనే మాటను ఇంగ్లిషువాళ్ల సొత్తనుకుని చిన్నచూపు చూసేవాళ్లకు ఈ కథ తప్పకుండా చెబుతాను.

తుర్కియేలో ‘పత్లజాన్’, రష్యాలో ‘బక్లజాన్’, జార్జియాలో ‘బద్రిజాని’, గ్రీసులో ‘మెలిజానా’, అన్నీ ఆ కొమ్మలే. ఇటలీలో ‘మెలన్‌జానా’ అంటారు. దాన్ని అక్కడి జనం ‘మేలా ఇన్సానా’గా, అంటే పిచ్చి యాపిల్‌గా అర్థం చేసుకున్నారు. తింటే మతి చెడుతుందని యూరప్‌లో చాలాకాలం భయపడ్డారు. వంకాయకు ఎంత అన్యాయమో చూడండి.

తుర్కియే సంగతి కాస్త ఎక్కువ చెప్పాలి. మెర్సిన్ రేవు దగ్గర బజారులో లోపలి గుజ్జు తీసేసిన వంకాయలను దండలుగా గుచ్చి, ఎండబెట్టి వేలాడదీస్తారు. చలికాలంలో వాటిని నానబెట్టి, బియ్యమూ మాంసమూ కూరి వండుతారు. మా అమ్మ వేసవిలో పెట్టే వంకాయ వరుగులు నాకు అక్కడ గుర్తొచ్చాయి. మన గుత్తివంకాయకు దగ్గరగా వాళ్లకు ‘కర్నయరక్’ ఉంది. పొట్ట చీల్చినది అని దాని అర్థం. మనం తొడిమ ఉంచి కింది నుంచి నాలుగు పక్షాలుగా చీలుస్తాం, వాళ్లు నిలువునా ఒక్క గాటు పెడతారు. తుర్కియే విద్యార్థి ఎవరైనా వస్తే గుత్తివంకాయ పక్కన ఆ పేరు రాయండి, వెంటనే అర్థమవుతుంది.

ఇక మీ పిల్లల భాషలు. ఇరాన్‌వాళ్లకు ‘బాదెమ్‌జాన్’. తజికులకు ‘బోయిమ్‌జోన్’. అఫ్గాన్ పిల్లలతో మాత్రం జాగ్రత్త. వాళ్లు ‘బాంజాన్’ అంటారు, కానీ టమాటాను కూడా ‘బాంజానె రూమి’ అంటారు. వంకాయకు ‘బాంజానె సియా’, అంటే నల్ల బాంజాన్ అని రాస్తే అనుమానం ఉండదు. సూడాన్ పిల్లలు అరబ్బీలో రాసిన బాదింజాన్ చదవగలరు. ఇళ్లలో మాత్రం వంకాయను ‘అస్వద్’ అంటారు, నల్లనిది అని. వేరుశనగ ముద్ద కలిపి చేసే వాళ్ల వంకాయ సలాడు పేరులోనూ అస్వద్ అనే ఉంటుంది. టాంజానియావాళ్లకు స్వాహిలీలో ‘బిరింగాన్య’.

తూర్పు దేశాల పేర్లకు ఈ చుట్టరికం లేదు. కొరియాలో ‘గాజి’, జపాన్‌లో ‘నాసు’, చైనాలో ‘చియెజ’. చైనావాళ్లు ఫొటో దిగేటప్పుడు పెదవులు సాగడానికి చియెజ అనే అంటారు. జపాన్‌లో కొత్త సంవత్సరం తొలి కలలో ఫుజి కొండ గానీ, డేగ గానీ, వంకాయ గానీ కనబడితే శుభమంటారు. మా ఓడల్లో ఫిలిప్పీన్స్ కుర్రాళ్లు ఎక్కువ, వాళ్లది ‘తలోంగ్’. కాల్చి తోలు తీసి, గుడ్డు సొనలో ముంచి వేయిస్తారు. వారంలో ఒకరోజు వాళ్లకది చేసి పెట్టేవాణ్ని.

చివరగా ఒక మాట. ఈ పేర్లన్నీ మీరే రాయకండి. ఒక్కో దేశం విద్యార్థి చేత వాళ్ల లిపిలో వాళ్లనే రాయించండి. మా గ్యాలీలో, అంటే ఓడ వంటగదిలో, కోల్డ్ రూం తలుపు మీద అలాగే చేశాం. వియత్నాం మాటలో అక్షరాల మీద గుర్తులుంటాయి, గుర్తు మారితే అర్థం మారుతుంది. అది రాయాల్సింది ఆ అమ్మాయే.

వృక్షశాస్త్రం పంతులు, బాపట్ల

ఓడ వంటవాడు గారు చెప్పిన దానికి కొంత కలుపుతాను, ఎందుకంటే ఇక్కడ పేరు తప్పితే ఆరోగ్యానికి ముప్పు.

మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో వంకాయకు ‘సొలానమ్ మెలొంజెనా’ అని పేరు పెట్టాడు. ఆ రెండో మాట కూడా పైన చెప్పిన మెలిజానా, మెలన్‌జానాల తోబుట్టువే. అయితే ఈ జాతిలో దగ్గరి బంధువులు చాలా ఉన్నాయి. టాంజానియా పిల్లలు ‘న్యాన్య చుంగు’ అంటే అది మన వంకాయ కాదు, చేదుగా ఉండే ఆఫ్రికా వంకాయ. ఘానా, నైజీరియాల్లో దాన్నే ఇంగ్లిషులో ‘గార్డెన్ ఎగ్’ అంటారు. థాయిలాండ్‌లో ‘మఖువా’ అనే ఒక్క మాట కిందే రకరకాల కాయలు వస్తాయి. గుత్తులుగా కాసే చిన్న కాయల ‘మఖువా ఫువాంగ్’ మన ఉస్తికాయ. వంకాయ పడనివారికి ఈ బంధువులు కూడా పడకపోవచ్చు. ఆ అమ్మాయిని డాక్టరుకు చూపించి ఏవేవి మానాలో అడగమనండి. టమాటా, బంగాళాదుంప, మిరప కూడా ఇదే కుటుంబం. అలాగని ఊహ మీద అన్నీ మాన్పించనక్కరలేదు.

దీనికి తలకిందులుగా మన భాషలోనే ఒక చిక్కు ఉంది. ‘బెంగళూరు వంకాయ’ వంకాయ కాదు. అది దోస, సొర కుటుంబానికి చెందిన తీగ కాయ. కన్నడంలోనూ ‘సీమె బదనె’ అని బదనె పేరే తగిలించారు. మీ వంటవాళ్లు బోర్డు మీద ఆ కూర పేరు రాస్తే వంకాయ బొమ్మ పెట్టకుండా చూసుకోండి.

పోర్ట్ లూయీ తెలుగమ్మాయి

మారిషస్ నుంచి రాస్తున్నాను. మా క్రియోల్‌లో వంకాయ ‘బ్రెంజెల్’. వీధి బండ్ల మీద వంకాయ చక్రాలు శనగపిండిలో ముంచి వేయించి అమ్ముతారు, వాటిని ‘గాతో బ్రెంజెల్’ అంటాం. ఫ్రెంచిలో గాతో అంటే కేకు. మా దగ్గర మాత్రం నూనెలో వేయించిన బజ్జీలను కూడా అలాగే పిలుస్తారు. మీ మెస్సులో మా దేశం పిల్లలకు బ్రింజాల్ అన్నా తెలిసిపోతుంది, వాళ్ల గురించి బెంగ వద్దు. పక్కనున్న రీయూనియన్ దీవిలోనూ ఇంచుమించు ఇదే పేరు.

పంతులు గారూ, మీరు బంధువుల సంగతి చెప్పారు కాబట్టి అడుగుతున్నాను. తెలుగులో మనం ‘వంగపండు రంగు’ అంటాం కదా, ఇలా కాయ పేరు రంగుకు పెట్టడం వేరే చోట్ల ఉందా?

ఓడ వంటవాడు, భీమిలి

రంగుల సంగతి నాకు తెలిసింది చెబుతానమ్మా, పంతులు గారు ఏమీ అనుకోకూడదు. బర్మాలో వంకాయ పేరూ ఊదారంగు పేరూ ఒకటే, ‘ఖయాన్’. జపాన్‌లో ముదురు నీలిరంగు ఒకదానికి నాసు పేరు పెట్టారు. వియత్నాంలో రంగే ముందు: వంకాయను ‘కా తిమ్’ అంటారు, అందులో ‘తిమ్’ అంటే ఊదా. టమాటా వాళ్లకు ‘కా చువా’, పుల్లటి కా. రొమేనియాలో కూడా వంకాయకు రంగు పేరే మిగిలింది. కొన్‌స్తాంత్సా రేవులో ‘వినెతె’ అని అడిగితే ఇస్తారు, ఊదావి అని అర్థం. ఉక్రెయిన్‌లోని ఒడెసా రేవులో బక్లజాన్ అనే మాట ఉన్నా, జనం ముద్దుగా ‘సినెన్‌కియె’ అంటారు, చిన్న నీలివి అని.

మెస్సు నిర్వాహకురాలు, హైదరాబాదు

అందరికీ ఎంతో రుణపడి ఉన్నాను. ఇవాళ మధ్యాహ్నం పిల్లలను పిలిచి రాయించాను. అఫ్గాన్ కుర్రాడు బాంజాన్ అని రాసి ఆగిపోతే, సియా అని చేర్చమన్నాను. నాకెలా తెలుసని అడిగాడు! ఇరాన్ విద్యార్థి, తజిక్ విద్యార్థి ఒకరి మాట ఒకరు చదివించుకుని చాలాసేపు మాట్లాడుకున్నారు. వియత్నాం అమ్మాయి తన మాటను అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో రాసింది.

ఇంకో సందేహం. పేరులో వంకాయ కనిపించని వంటల మాటేమిటి? సాంబారులో ముక్కలు వేస్తాం. బిర్యానీ రోజు బగారా బైంగన్ ఉంటుంది. కన్నడ వంటవాడు వాంగీబాత్ చేస్తాడు.

ఓడ వంటవాడు, భీమిలి

మంచి ప్రశ్న అడిగారమ్మా. వాటి ముందు కూడా ఆ బోర్డే నిలబెట్టండి. మేము ఓడలో గిన్నె గిన్నెకూ అట్టముక్క పెట్టేవాళ్లం. అందులో ఏమేం పడ్డాయో దాని మీద రాసేది వండిన మనిషే. సాంబారుకు రోజూ ముక్కలు మారతాయి కాబట్టి అట్టముక్క కూడా రోజూ మార్చాలి. రోటి పచ్చళ్లను మరిచిపోకండి. కాల్చిన వంకాయ పచ్చడిలో కలిసిపోయాక ఏ దేశంవాళ్లకైనా కంటితో పోల్చడం కష్టం. గరిటెలు కూడా వేరువేరుగా ఉంచండి. వంకాయ కూరలో పెట్టిన గరిటె పప్పులో పెట్టవద్దని వడ్డించేవాళ్లకు చెప్పండి.