ఎం35ఏ2 సైనిక ట్రక్కును బార్‌స్టో నుంచి డాలస్‌కు నడుపుకొని రావడం: అనుభవజ్ఞుల సలహా కావాలి

డాలస్ వాసి

మిత్రులందరికీ నమస్కారం. అమెరికా సైన్యం వదిలించుకున్న వాహనాల వేలంలో 1971 నాటి ఎం35ఏ2 ట్రక్కు ఒకటి నాకు దక్కింది. ఇక్కడివారు ‘డ్యూస్ అండ్ హాఫ్’ అని పిలుచుకునే రెండున్నర టన్నుల బండి ఇదే. ప్రస్తుతం అది కాలిఫోర్నియాలోని బార్‌స్టోలో ఉంది. మా ఇల్లు డాలస్ శివార్లలో ఉంది కనుక దూరం దాదాపు 1,300 మైళ్ళు. ట్రెయిలర్ మీద వేయించి తెప్పించుకోమని ఇంట్లోవాళ్ళు అంటున్నారు కానీ, నాకు మాత్రం నడుపుకొనే రావాలని ఉంది. ఇంజన్ ఇబ్బంది లేకుండా స్టార్ట్ అవుతోంది, గేర్లు పడుతున్నాయి, బ్రేకు పెడల్ గట్టిగా ఉంది. ఇటువంటి ప్రయాణం చేసినవారు బయలుదేరే ముందు ఏమేమి చూసుకోవాలో చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

పాత ఇంజన్లు

అభినందనలండి. యార్డులో పెడల్ గట్టిగా ఉన్నంతమాత్రాన ఆ బ్రేకులు 1,300 మైళ్ళ ప్రయాణానికి పనికొస్తాయని అనుకోకండి. ఈ ట్రక్కులో ఉన్నవి గాలి ఒత్తిడి సాయంతో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకులు. మాస్టర్ సిలిండర్ ఒక్కటే, సర్క్యూట్ కూడా ఒక్కటే. ఇప్పటి కార్లలో ఒక లైను పోయినా రెండోది పనిచేస్తుంది, ఇందులో ఆ ఏర్పాటు లేదు. ఇరుసుల దగ్గర వేలాడే రబ్బరు హోస్‌లలో ఏ ఒక్కటి పగిలినా పెడల్ ఫ్లోరుకు అంటుకుపోతుంది, ఏ చక్రానికీ బ్రేకు మిగలదు. హ్యాండ్ బ్రేకు ఉంది కదా అనుకోవడానికీ వీల్లేదు. అది ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజన్ శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే గేర్ల పెట్టె) వెనక ఉన్న ఒకే ఒక్క డ్రమ్మును పట్టుకుంటుంది, ఆగి ఉన్న బండిని నిలిపి ఉంచడానికే ఉద్దేశించింది. ఖాళీగా ఉన్నా 13,000 పౌండ్ల వరకు తూగే బండి పల్లంలో దొర్లిపోతుంటే ఆ డ్రమ్ము మాడిపోతుందే తప్ప బండి ఆగదు.

అందువల్ల రబ్బరు హోస్‌లన్నీ కొత్తవి వేయించండి. ఆరు డ్రమ్ములూ విప్పించి వీల్ సిలిండర్లు కారుతున్నాయేమో, ఇరుసు సీలు పోయి గేర్ ఆయిల్ బ్రేకు షూల మీదకు వస్తోందేమో చూడండి. ఈ పనికి అయ్యే ఖర్చుకు వెనుకాడేటట్టయితే బండిని నడపవద్దని నా ఖచ్చితమైన సలహా. బ్రేకు ఫ్లూయిడ్ విషయంలోనూ జాగ్రత్త అవసరం. అమెరికా సైన్యం 1980ల మొదట్లో సిలికోన్ ఆధారిత డాట్ 5కు మారింది. దారిలోని దుకాణాల్లో సాధారణంగా దొరికేవి డాట్ 3, డాట్ 4. ఇవి డాట్ 5తో కలవవు, కలపకూడదు. రిజర్వాయర్‌లో ఏది ఉందో ముందే తేల్చుకుని, అదే రకం డబ్బాలు వెంట పెట్టుకోండి.

హ్యూస్టన్ నుంచి ఒక పాఠకుడు

కాగితాల సంగతి చెబుతాను. వేలంలో కొన్న సైనిక వాహనానికి టైటిల్, అంటే యాజమాన్య పత్రం, తీసుకోవాలంటే ప్రభుత్వం జారీచేసే ఎస్‌ఎఫ్-97 అనే పత్రం కావాలి. అది డబ్బు కట్టిన రోజునే చేతికి రాదు, వారాలు పట్టవచ్చు. ఆ పత్రం అందేదాకా ఆగి, తాత్కాలిక ప్రయాణ అనుమతి గురించి మీ కౌంటీ పన్నుల కార్యాలయంలో స్వయంగా అడిగి తెలుసుకోండి. మీరు దాటే ప్రతి రాష్ట్రంలోనూ ఆ అనుమతి చెల్లుతుందో లేదో కూడా వారినే అడగండి. బీమా పత్రం చేతిలో లేకుండా యార్డు గేటు దాటవద్దు.

ఆల్బుకర్కీ మెకానిక్

మీరు ఐ-40 జాతీయ రహదారి మీదుగానే వస్తారనుకుంటున్నాను. ఆ దారిలో అసలు పరీక్ష ఆరిజోనాలో ఎదురవుతుంది. నీడిల్స్ దగ్గర కొలరాడో నదిని దాటేటప్పుడు సముద్రమట్టానికి సుమారు 500 అడుగుల ఎత్తున ఉంటారు, ఫ్లాగ్‌స్టాఫ్ చేరేసరికి అది 7,000 అడుగులవుతుంది. మీ బండిలోని మల్టీఫ్యూయల్ (పలు రకాల ఇంధనాలతో నడిచే) ఇంజన్ సుమారు 130 హార్స్‌పవర్‌ది. అయిదో గేరు ఓవర్‌డ్రైవ్, అంటే చదును రోడ్డు మీద వేగం కోసం ఉద్దేశించిన, లాగే బలం తక్కువైన గేరు కాబట్టి ఎత్తు మొదలవగానే, ఇంజన్ బరువుగా మూలగకముందే నాలుగుకు దిగండి. అయిదులోనే యాక్సిలరేటర్ తొక్కిపట్టి లాగిస్తే ఎగ్జాస్ట్ వేడి హద్దు దాటి పిస్టన్లకు చేటు వస్తుంది. పైరోమీటర్ ఒకటి బిగించుకుంటే ఆ వేడి మీ కళ్ళ ముందే కనిపిస్తుంది. ఎండాకాలమైతే ఈ భాగాన్ని తెల్లవారుజామునే దాటండి.

ఈ బండి గరిష్ఠ వేగం గంటకు 55 మైళ్ళకు అటూ ఇటూ, నా లెక్కలో 50 దాటకపోవడమే మంచిది. ఆరిజోనా, న్యూ మెక్సికోలలో ఐ-40 మీద వేగపరిమితి 75 మైళ్ళు. వెనక నుంచి వచ్చే పెద్ద ట్రక్కులకు మీరు ఉన్నట్టుండి ఎదురైన అడ్డంకి అవుతారు. కనుక కింగ్‌మన్ నుంచి సెలిగ్మన్ వరకు పీచ్ స్ప్రింగ్స్ మీదుగా పాత రూట్ 66 పట్టుకోండి. దూరం కొంత పెరిగినా మనసు నిబ్బరంగా ఉంటుంది. ఓట్‌మన్ కొండ దారి మాత్రం వద్దు, ఆ ఇరుకు మలుపులు పవర్ స్టీరింగ్ లేని ఈ బండికి తగినవి కావు.

ఇంకొక ముఖ్య విషయం ఉంది. డ్యాష్ మీద మూడు మీటలున్న లైట్ స్విచ్ ఉంటుంది. చిన్న ‘అన్‌లాక్’ మీటను పట్టి ఉంచితేనే పెద్ద మీట తిరుగుతుంది. ఆ పెద్ద మీట ‘ఆఫ్’లో ఉంటే మీరు బ్రేకు తొక్కినా వెనక ఎర్ర లైటు వెలగదు. పగటి పూట దాన్ని ‘స్టాప్ లైట్’ గుర్తు దగ్గర పెట్టి నడపాలి. ఈ సంగతి తెలియక పట్టపగలు బ్రేకు లైట్లు లేకుండా వెళ్ళేవారిని నేను చూశాను.

విశ్రాంత ఈఎంఈ, సికింద్రాబాద్

నేను భారత సైన్యంలో వాహనాలు, పరికరాల మరమ్మతులు చూసే ఈఎంఈ విభాగంలో పనిచేశాను. మా చేతుల్లో నలిగినవి జబల్‌పూర్ వెహికల్ ఫ్యాక్టరీలో తయారైన శక్తిమాన్ ట్రక్కులు. అవి జర్మనీకి చెందిన మాన్ కంపెనీ లైసెన్సుతో వచ్చినవి. మీ ఎం35ఏ2 ఇంజన్‌లో ఇంధనాన్ని పిస్టన్ గిన్నె గోడ మీద పలచగా పరిచి మండించే పద్ధతి కూడా అదే మాన్ కంపెనీది కావడం వల్ల, మీ బండి గురించి చదువుతుంటే నాకు పరాయిగా అనిపించలేదు.

మా కాన్వాయ్‌లలో ఒక పద్ధతి ఉండేది, దాన్ని మీరు తప్పక పాటించాలి. బయలుదేరిన కొద్దిసేపటికే మొదటి విరామం తీసుకుని, డ్రైవరు బండి చుట్టూ తిరిగి ప్రతి హబ్ (చక్రం మధ్య భాగం) మీదా చేతి వెనక భాగాన్ని ఆనించి చూడాలి. అన్నీ ఒకేలా గోరువెచ్చగా ఉంటే సరే. ఒక్కటి మాత్రం చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంటే, అక్కడ బ్రేకు పట్టేసి ఉండాలి లేదా బేరింగ్ బిగుసుకుని ఉండాలి. ఏదైనా సరే, కారణం తెలిసేదాకా బండి కదలకూడదు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే అంకెలు రాసుకుంటూ పోవచ్చు, కానీ చేతిని మానేయవద్దు. కారుతున్న నూనె తడిని థర్మామీటర్ చూపించదు.

మన దేశంలో ఇలాంటి బండి కొనాలనుకునే వారి కోసం ఒక మాట చెబుతాను. పైకి బాణం గుర్తున్న సైనిక నంబరు 1988 మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 60 కింద ఇచ్చేది. వాహనం సైన్యం చేతి నుంచి పోయాక ఆ నంబరు చెల్లదు, ఆర్టీఓ దగ్గర కొత్తగా రిజిస్ట్రేషన్ చేయించుకోవలసిందే.

కాన్సస్ రైతు

నాది భిన్నాభిప్రాయం. టైర్ల తయారీ తేదీ చూడకుండా ఎవరూ ఈ ప్రయాణాన్ని ప్రోత్సహించకూడదు. గాడులు నిండుగా ఉన్న సైనిక టైరు చూడటానికి కొత్తదానిలా ఉంటుంది, కానీ ఏళ్ళ తరబడి ఎడారి ఎండలో నిలబడితే పక్క గోడలు పగుళ్ళుబారతాయి. పైగా ఆ చక్రాలు లాక్ రింగ్ ఉన్నవి. రింగ్ సరిగా కూర్చోకుండా గాలి నింపితే అది ఎగిరివచ్చి మనిషి ప్రాణం తీయగలదు. ఇనుప బోను ఉన్న ట్రక్కు టైర్ల షాపులోనే ఆ పని చేయించాలి తప్ప రోడ్డు పక్కన చేయకూడదు. టైర్లు పాతవై, వాటిని మార్చే ఉద్దేశం లేకపోతే ట్రెయిలరే సరైన దారి, ఇందులో చిన్నతనమేమీ లేదు.

డాలస్ వాసి

మీరందరూ ఇంత శ్రద్ధగా రాసినందుకు కృతజ్ఞతలు. డ్రమ్ములను చక్రాలతో సహా విప్పించాను. వెనక ఎడమ ఇరుసు సీలు పోయి షూ మొత్తం గేర్ ఆయిల్‌తో తడిసి నల్లగా ఉంది, రెండు రబ్బరు హోస్‌లను వంచితే పగుళ్ళు నోళ్ళు తెరిచాయి. షూలు, సీళ్ళు, హోస్‌లు, వీల్ సిలిండర్లు అన్నీ మార్పిస్తున్నాను. టైర్ల తేదీలు చూశాక ఆ సెట్టు కూడా మార్చాలని నిర్ణయించాను. ఎస్‌ఎఫ్-97 వచ్చేలోగా ఈ పనులు పూర్తవుతాయి. ఒక సందేహం మిగిలింది. ఎడమ వైపు చక్రాల నట్లు ఎంత బలం పెట్టినా వదలడం లేదని మెకానిక్ అంటున్నారు. తుప్పు పట్టి ఉంటాయా?

పాత ఇంజన్లు

వెంటనే ఆపమని చెప్పండి, ఆయన వాటిని ఇంకా బిగిస్తూ ఉండవచ్చు. ఈ ట్రక్కులో ఎడమ వైపు స్టడ్లకు ఎడమ మర ఉంటుంది, వాటిని వదులు చేయాలంటే గడియారపు ముల్లు తిరిగే దిశలోనే తిప్పాలి. స్టడ్ చివర ‘ఎల్’ అక్షరం చెక్కి ఉంటుంది, తుడిచి చూడండి. వెనక జంట చక్రాలకు బయటి నట్టు ఒకటిన్నర అంగుళాలది. దాని లోపల, లోపలి చక్రాన్ని పట్టి ఉంచే క్యాప్ నట్టు ఉంటుంది, దాని తల 13/16 అంగుళాల చతురస్రం. బిగించేటప్పుడు ఒక్కొక్క బయటి నట్టును వదులు చేసి, లోపలిదాన్ని బిగించి, మళ్ళీ బయటిదాన్ని బిగించి, ఆ తర్వాతే పక్కదానికి వెళ్ళాలి. చక్రాలు తీసి బిగించిన తర్వాత మొదటి 50 మైళ్ళలోపు ఒకసారి ఆగి అన్ని నట్లనూ తిరిగి సరిచూడండి. ఆ రెండు సైజుల సాకెట్లు, పొడవాటి బార్ క్యాబిన్‌లోనే ఉంచుకోండి, ఈ సైజులు అన్ని గ్యారేజీల్లోనూ ఉండవు.