చర్చ: ఊపిరి బాగానే ఆడుతోంది, దగ్గు మాత్రం రావడం లేదు. ఎందుకు?

వార్డు నర్సు:
మెడలో సీ6 (ఆరో మెడ నరం స్థాయి) దగ్గర వెన్నుపాము దెబ్బతిన్న పేషెంట్. గాలి పీల్చుకుంటారు, మాట్లాడతారు. దగ్గమంటే మాత్రం గొంతు సవరించుకున్నంత చప్పుడే. కఫం గొంతులోనే గరగరలాడుతోంది. డయాఫ్రం (ఛాతీకీ పొట్టకీ మధ్య కండరం) పనిచేస్తోంది కదా, మరి దగ్గుకేమైంది?

అనాటమీ ట్యూటర్:
డయాఫ్రం పీల్చే కండరం. దాని ఫ్రెనిక్ నరం దెబ్బకు పైనున్న సీ3–సీ5 నుంచి వస్తుంది కాబట్టి బతికిపోయింది. మామూలుగా ఊపిరి వదలడానికి ఏ కండరమూ బిగుసుకోనక్కర్లేదు, సాగిన ఊపిరితిత్తి దానంతటదే ముడుచుకుంటుంది. అందుకే మాట్లాడుతున్నప్పుడు తేడా పెద్దగా కనబడదు. దగ్గుకు బలంగా వదలాలి, ఆ బలం పొట్టగోడ కండరాలది: రెక్టస్, రెండు ఆబ్లిక్‌లు, అన్నిటికన్నా లోపల ట్రాన్స్‌వర్సస్. ఇవి బిగిస్తే కాలేయం, పేగులు డయాఫ్రాన్ని పైకి తోస్తాయి, కింది పక్కటెముకలు దిగుతాయి. వీటి నరాలు వెన్నుపాము ఛాతీ భాగంలోని టీ7–టీ12, కొంత నడుము భాగంలోని ఎల్1. అంతా దెబ్బకు కిందే.

పీజీ, పల్మనాలజీ:
ఇంటర్నల్ ఇంటర్‌కోస్టల్స్‌నీ (పక్కటెముకల మధ్య ఉండే లోపలి వరుస కండరాలు) కలపండి, అవీ పోయినట్టే. కానీ ‘ఎక్స్‌టర్నల్ పీల్చడానికి, ఇంటర్నల్ వదలడానికి’ అని బట్టీ పట్టేది సగమే నిజం. రొమ్ముటెముక పక్కన మృదులాస్థుల మధ్య ఉండే ఇంటర్నల్ భాగం పీల్చేటప్పుడు పనిచేస్తుంది. ఎముకల మధ్య భాగానిదే వదిలే పని.

ఫిజియో, విశాఖ:
ఈయనకు మిగిలింది పెక్టోరాలిస్ మేజర్ (ఛాతీ ముందున్న పెద్ద కండరం) పై భాగం, దాని నరాలు సీ5–సీ7. కాలర్‌బోన్ కింద వేళ్లు పెట్టి దగ్గమనండి, గట్టిపడటం తెలుస్తుంది. అది పై పక్కటెముకల్ని కాస్త కిందికి లాగుతుంది, అంతకుమించి రాదు.

ముందు గాలి ఎంత వేగంగా బయటికొస్తుందో చూపే పీక్ ఫ్లో మీటర్‌లోకి దగ్గించి కొలవండి. నిమిషానికి 160 లీటర్లకు తగ్గితే కఫం బయటికి రాదు. 270కి తగ్గితే జలుబు చేసినప్పుడు ప్రమాదం.

తర్వాత చేత్తో సాయం: చేత్తో నొక్కి గాలి పంపే అంబు బ్యాగ్‌తో రెండు మూడు శ్వాసలు వదలకుండా ఒకదానిమీద ఒకటి నింపించి, బొడ్డుకూ పక్కటెముకల అంచుకూ మధ్య అరచేతులు పెట్టి, ఆయన దగ్గే క్షణంలోనే లోపలికీ పైకీ తోయాలి. పీలుస్తుండగా నొక్కితే ఉన్న గాలీ పోతుంది. రొమ్ముటెముక కొనమీద చెయ్యి పడకూడదు. తిన్న వెంటనే వద్దు. పక్కటెముక విరిగినా, వెన్నెముక ఇంకా స్థిరపడకపోయినా, ఐవీసీ ఫిల్టర్ (రక్తం గడ్డల్ని ఆపడానికి పొట్టలోని పెద్ద సిరలో పెట్టే జాలి) ఉన్నా డాక్టర్‌ని అడక్కుండా ముట్టుకోవద్దు.

వార్డు నర్సు:
కూర్చోబెడితే ఊపిరి ఇంకా తగ్గుతోంది. పడుకుంటేనే నయం.

ఫిజియో, విశాఖ:
వీళ్లకు అంతే, ఆస్తమా వాళ్లకు రివర్స్. పట్టులేని పొట్ట ముందుకు జారితే డయాఫ్రం చదునైపోయి, లాగడానికి చోటుండదు. అబ్డామినల్ బైండర్ (పొట్టకు చుట్టే వెడల్పాటి పట్టీ) కట్టండి. కింది అంచు తుంటి ఎముకల మీద, పై అంచు పక్కటెముకల కిందే ఆగాలి. పైకి జరిగితే ఛాతీ విచ్చుకోదు. పడుకోబెట్టే కట్టాలి, కూర్చోబెట్టాక కడితే పొట్ట అప్పటికే జారిపోయి ఉంటుంది.