ఆల్కహాల్ అనే మాటకు మూలం ‘గూల్’ అనే పిశాచమా, ‘కుహ్ల్’ అనే సుర్మా పొడా?

నిశాంత్_కెమ్: ఆల్కహాల్ అనే పేరు అరబ్బీ ‘అల్-గూల్’ నుంచి వచ్చిందని, గూల్ అంటే పిశాచమని ఒక పోస్టు వాట్సాప్‌లో తిరుగుతోంది. నాకు అది నిజమే అనిపిస్తోంది. ఖురాన్ 37వ అధ్యాయం 47వ వాక్యం స్వర్గంలోని పానీయంలో ‘గౌల్’ ఉండదంటుంది. అంటే మత్తు చేసే చెరుపు. ఇది వదిలేసి కుహ్ల్ అంటారు పండితులు. కళ్ళకు పెట్టుకునే సుర్మాకీ మద్యానికీ ఏం సంబంధం?

పదశోధిని: సంబంధం ఉందండీ, కాకపోతే చుట్టుదారిన వచ్చింది. ఆ సుర్మాకు వాడిన రాయి స్టిబ్నైట్, అంటే ఆంటిమొనీ సల్ఫైడ్. కంట్లో పెట్టేది కాబట్టి వేళ్ళ మధ్య రుద్దితే గరుకే తగలనంత మెత్తగా నూరాలి. ఐరోపా రసవాదులు రాయిని వదిలేసి ఈ మెత్తదనాన్ని పట్టుకున్నారు. దేన్ని అలా నూరినా ఆల్కహాలే! 1543లో ఇంగ్లీషులోకి అనువాదమైన ఒక శస్త్రవైద్య గ్రంథం ఆ మాటకు ‘అతి మెత్తని పొడి’ అనే అర్థం చెప్పింది. మత్తు ఊసే లేదు. మెల్లగా అది ఏ పదార్థానికైనా మలినాలు పోగా మిగిలే సారం అయింది. పదహారో శతాబ్దంలోనే వైద్యుడు, రసవాది అయిన పారసెల్సస్ ‘ఆల్కహాల్ వీనీ’ అన్నాడు, అంటే వైన్ సారం. తర్వాత ‘వీనీ’ రాలిపోయి మొదటి మాట మిగిలింది.

రాత్రిచదువరి: స్పానిష్‌లో ‘ఆల్కోల్’ అన్న మాటకు కళ్ళకు పెట్టుకునే ఆ నల్లపొడి అనే పాత అర్థం కూడా ఉంది. రాసేటప్పుడు నడుమ ‘హ’ ఉంటుంది, పలకరు.

నిశాంత్_కెమ్: సరే, కానీ రెండు మాటలూ కలిసిపోయి ఉండొచ్చు కదా? అర్థం ఇంత చక్కగా అతికితే కాకతాళీయం అని కొట్టిపారేయడం నాకు నచ్చడం లేదు.

పదశోధిని: అర్థం అతకడం ఒక్కటే చాలదండీ, ధ్వని కూడా కుదరాలి. గూల్ ఐరోపా వాళ్ళ నోట పడితే ఏమవుతుందో ఆకాశంలోనే సాక్ష్యం ఉంది. పెర్సియస్ నక్షత్రమండలంలోని అల్గోల్ పేరు ‘రఅస్ అల్-గూల్’, పిశాచి తల, నుంచి వచ్చింది. అందులో గకారం నిలిచింది, కొత్తగా హకారం పుట్టలేదు. ఆల్కహాల్‌లో క, హ, ల మూడూ ఉన్నాయి, కుహ్ల్‌లో ఉన్నవీ ఆ మూడే. పాత రసవాద గ్రంథాల్లో మద్యసారాన్ని ‘అల్-గౌల్’ అన్న ఒక్క వాక్యం చూపించండి, అప్పుడు రెండూ కలిసిపోయిన సంగతి మాట్లాడుకుందాం.