చిప్స్ కన్వేయర్ మోటారు గంటకోసారి ట్రిప్పవుతోంది: 10 హెచ్‌పీ, స్టార్ డెల్టా

ప్రశ్న: క్రషర్ ఎలక్ట్రీషియన్, రాయగడ

రాయగడ నుంచి గుణుపురం వెళ్లే దారిలో మా రాతి క్రషర్. 20 ఎంఎం చిప్స్ మోసే కన్వేయర్‌తో ఇబ్బంది. బెల్టు వెడల్పు 600 ఎంఎం, కన్వేయర్ పొడవు 20 మీటర్లు, ఏటవాలు 16 డిగ్రీలు. మోటారు ప్లేటు మీద 7.5 కిలోవాట్లు, 415 వోల్టులు, 14.5 ఆంపియర్లు, 1440 ఆర్‌పీఎం. స్టార్టరు స్టార్ డెల్టా: ముందు స్టార్‌లో తక్కువ కరెంటుతో లేపి, తర్వాత డెల్టాకి మారుస్తుంది.

వానలు మొదలైనప్పటి నుంచి లోడు మీద గంట తిరిగేసరికి ఓవర్‌లోడ్ రిలే (కరెంటు ఎక్కువైతే మోటారును ఆపేది) కొట్టేస్తోంది. సెట్టింగు 8.4 ఆంపియర్లు ఉండేది, పని ఆగకూడదని రెండు రోజుల కింద 11కి పెంచాం. ట్రిప్పవడం తగ్గింది గానీ మోటారు మీద చెయ్యి పెట్టలేకపోతున్నాం. లోడు మీద టాంగ్ టెస్టరుతో (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) మూడు ఫేజులూ చూస్తే ఆర్ 14.6, వై 12.4, బి 16.0. వేసవిలో మూడూ 11 దగ్గరే ఉండేవి. స్టార్టరు దగ్గర వోల్టేజి ఆర్-వై 398, వై-బి 391, బి-ఆర్ 406. మోటారు విప్పి రీవైండింగుకు (లోపలి తీగ మళ్లీ చుట్టడానికి) పంపాలా, రిలే మార్చాలా?

జవాబు 1: మోటారు వైండింగు, బరంపురం

ముందు రిలేని 8.4కి దించండి, మిగతా మాట తర్వాత. అది తప్పు చేయడం లేదు. స్టార్ డెల్టా స్టార్టర్లలో రిలే మామూలుగా మెయిన్ కాంటాక్టరు (కరెంటును కలిపి, తెంచే స్విచ్) కింద, వైండింగుకు పోయే తీగల్లో ఉంటుంది. అక్కడ పారేది లైన్ కరెంటులో 58 శాతమే. 14.5ని 0.58తో గుణిస్తే 8.4. మీరు 11 పెట్టారంటే లైనులో 19 ఆంపియర్ల దాకా ఊరుకోమని రిలేకి చెప్పినట్టు. కొన్ని ప్యానెళ్లలో రిలే కాంటాక్టర్లకు ముందే లైనులో ఉంటుంది, అప్పుడు 14.5 పెట్టాలి. మీది ఎక్కడుందో తీగ వెంట చూసి తేల్చుకోండి. వైండింగు వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగితే ఇన్సులేషను ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. ఈ రెండు రోజులు ఊరికే పోలేదు.

ఇక మీ రీడింగులు. మూడు వోల్టేజిల సగటు 398, ఎక్కువ తేడా 8, అంటే సుమారు 2 శాతం. చిన్నదనిపిస్తుంది గానీ, మోటారులో కరెంటు తేడా వోల్టేజి తేడాకి 6 నుంచి 10 రెట్లు వస్తుంది. మీ కరెంట్ల సగటు 14.3, వై అందులో 1.9 తక్కువ: 13 శాతం. లెక్క సరిగ్గా కుదురుతోంది. అందుకే మోటారు కంటే ముందు సప్లయి మీద నాకు అనుమానం.

తేల్చడానికి చిన్న పరీక్ష ఉంది. మెయిన్ ఆఫ్ చేసి తాళం వేసి, టెస్టరుతో చూసుకున్నాక, స్టార్టరు ఇన్‌కమింగులో మూడు తీగల్నీ ఒక్కో స్థానం జరపండి: ఆర్ చోట బి, వై చోట ఆర్, బి చోట వై. మూడూ జరిపితే మోటారు దిశ మారదు. రెండే మార్చారంటే వెనక్కి తిరుగుతుంది, బెల్టు వెనక్కి జారకుండా ఆపే బ్యాక్‌స్టాపు ఉంటే అది విరుగుతుంది. మళ్లీ అదే లోడు మీద కొలవండి. ఎక్కువ కరెంటు బి తీగ వెంట పోయిందా, సప్లయి లోపం. తీగ మారినా స్టార్టరులో అదే టెర్మినల్‌లో ఉండిపోయిందా, స్టార్టరు కాంటాక్టులో గానీ, కేబులు లగ్గులో గానీ, వైండింగులో గానీ లోపం.

ఇన్‌కమింగు మెయిన్ దగ్గర కూడా వోల్టేజి చూడండి. ఆ సమయంలో వెల్డింగు సెట్టు నడుస్తోందా? రెండు ఫేజుల మధ్య కట్టే 415 వోల్టుల సెట్టు ఆ జతను కిందికి లాగుతుంది. మీకు తక్కువగా ఉన్నది వై-బి.

జవాబు 2: కన్వేయర్ ఫిట్టర్, జయపురం

పైన అన్నది నిజమే, కానీ సగటే 11 నుంచి 14కి పోయింది కదా. ఫేజుల తేడా ఒక్కదానితో సగటు అంత పెరగదు. బెల్టు కూడా బరువెక్కింది. వానలో తడిసిన డస్టు టెయిల్ డ్రమ్ము (బెల్టు కింది చివర ఉండేది) మీద, కింది రిటర్న్ రోలర్ల మీద అంటుకుని గట్టిపడుతుంది, రోలర్లు తిరగడం మానేస్తాయి, బెల్టు వాటి మీద ఈడ్చుకుంటూ పోతుంది.

మూడు కొలతలు తీయండి. వీ-బెల్టులు తీసి మోటారు ఒక్కటే: ఈ సైజుకి 5.5 నుంచి 6.5 ఆంపియర్ల మధ్య రావాలి. తర్వాత బెల్టు ఖాళీగా. తర్వాత లోడుతో. మొదటి రెంటి మధ్య ఎక్కువ తేడా ఉంటే రోలర్లు, డ్రమ్ము, గేర్‌బాక్సు, స్కర్టు రబ్బరు చూడాలి. చిప్స్ పడేచోట రబ్బరును బెల్టుకి అదిమి బిగించేస్తుంటారు, అది బ్రేకులా పనిచేస్తుంది. 2, 3 ఎంఎం సందు ఉంచండి. ఒక హెచ్చరిక: పై చివర బెల్టును లాగే హెడ్ డ్రమ్ము మీద బెల్టు జారుతుంటే కరెంటు పెరగదు, తగ్గుతుంది. కరెంటు తక్కువ చూపిందని బెల్టు బాగుందనుకోకండి.

తాళం వేయకుండా రోలర్ల దగ్గర చెయ్యి పెట్టొద్దు. ఏటవాలు బెల్టు మీద సరుకుంటే మెయిన్ ఆఫ్‌లో ఉన్నా అది వెనక్కి కదులుతుంది. ముందు ఖాళీ చేయించండి.

ప్రశ్న వేసినవారు

అన్నా, కొలిచాను. తీగలు జరిపితే ఎక్కువ కరెంటు బి వెంటే పోయింది. వెల్డింగు సెట్టు వై-బి మధ్యే ఉంది, క్రషర్ దవడ ప్లేట్లకు రోజంతా నడుస్తోంది. ఆపించి మెయిన్ దగ్గర చూస్తే 409, 408, 411. లోడు మీద ఇప్పుడు 12.9, 12.6, 13.1. మోటారు ఒక్కటే 6.1, ఖాళీ బెల్టు 9.8. రిటర్న్ రోలర్లు నాలుగు బిగిసిపోయి ఉన్నాయి, టెయిల్ డ్రమ్ము మీద అంగుళం మందాన పేరుకుంది. అవి మార్చి, గీకి శుభ్రం చేశాక ఖాళీ బెల్టు 7.5, లోడు మీద 11.2. రిలే మళ్లీ 8.4.

జవాబు 1: మోటారు వైండింగు, బరంపురం

బాగుంది తమ్ముడూ. వెల్డింగును కన్వేయర్ నడిచే వేళ వద్దనండి, తప్పదంటే వేరే ట్రాన్స్‌ఫార్మరు లైనుకి మార్పించండి. వేరే ఫేజుల జతకి మారిస్తే తేడా చోటు మారుతుంది తప్ప పోదు.

ఇప్పుడు మెగ్గర్ (ఇన్సులేషను కొలిచే మీటరు) తప్పనిసరి. ఆరు తీగలూ స్టార్టరు నుంచి విప్పి, 500 వోల్టుల మెగ్గర్‌తో ఒక్కో వైండింగును బాడీకి, తర్వాత వైండింగుకీ వైండింగుకీ మధ్య చూడండి. ఒక మెగోమ్ కంటే తక్కువ వస్తే నడపొద్దు. నాలుగైదు వస్తే ఎండబెట్టి మళ్లీ చూడాలి. ఫ్యాన్ కవరు విప్పి, రెక్కల మధ్య గట్టిపడ్డ డస్టు గాలితో కాదు, గీరి తీయండి. తడి డస్టు గాలికి రాదు. ఈ రీడింగులన్నీ తేదీతో ప్యానెలు తలుపు లోపలి వైపు రాసి పెట్టండి.

జవాబు 3: ప్యానెల్ పనివాడు, పర్లాకిమిడి

ఒక్క మాట. సరుకుతో ఆగిన బెల్టును స్టార్ డెల్టాతో మళ్లీ లేపకండి. స్టార్‌లో టార్కు మూడో వంతే, బెల్టు కదలకముందే టైమరు డెల్టాకి మారుస్తుంది, కాంటాక్టర్లు అతుక్కుపోతాయి. సరుకు దించి లేపండి. పుల్‌కార్డు స్విచ్ (తాడు లాగితే బెల్టును ఆపేది) డబ్బాల్లో కేబులు దూరే చోటి గ్లాండ్లు కూడా చూడండి. వాన నీరు దిగితే అవి రోజుకొకసారి కారణం లేకుండా ఆపుతాయి, అప్పుడు రిలే మాత్రం ట్రిప్పయినట్టు చూపదు.