హెచ్‌డీ 800 ఎస్, ఎల్‌సీడీ ఎక్స్: కచేరీ రికార్డింగులకు ఏ హెడ్‌ఫోన్? పక్కపక్కన పెట్టి ఎలా వినాలి? (చెన్నై)

శ్రుతిపెట్టె:

నమస్కారం అండి. సెన్‌హైజర్ హెచ్‌డీ 800 ఎస్, ఆడిసీ ఎల్‌సీడీ ఎక్స్, ఈ రెండింట్లో ఒకటి తీసుకోవాలి. నేను వినేదాంట్లో ముప్పాతిక వంతు కర్ణాటక సంగీతం: గాత్రం, వయొలిన్, వీణ. కొన్ని సభల్లో ఈ మధ్య రికార్డు చేసినవి, కొన్ని పాత ఆకాశవాణి టేపుల నుంచి ఎక్కించినవి. మిగతా పావు సినిమా పాటలు. డాక్ (ఫైలులోని అంకెలను శబ్ద సంకేతంగా మార్చేది), ఆంప్ (దాన్ని పెంచేది) ఒకే పెట్టెలో ఉన్నాయి. సింగిల్ ఎండెడ్‌లో (మామూలు ప్లగ్, రెండు వైపులకూ ఒకే నెగటివ్) 2 వోల్టులు, బ్యాలెన్స్‌డ్‌లో (ఒక్కో వైపుకు వేరే నెగటివ్) 4 వోల్టులు ఇస్తుంది. ఔట్‌పుట్ ఇంపీడెన్స్ (ఆంప్ లోపలి విద్యుత్ నిరోధం) ఒక ఓమ్ కన్నా తక్కువ.

ఈ శనివారం రెండింటినీ ఒకేచోట వినే వీలుంది, గంటన్నర. ఎల్‌సీడీ ఎక్స్ నిండుగా, 800 ఎస్ పల్చగా ఉంటుందని చాలామంది రాస్తున్నారు. అది హెడ్‌ఫోన్ల స్వభావమేనా, లేక ఆంప్ చాలక అలా వినిపిస్తుందా? ఆ గంటన్నరలో ఏం వినాలి, ఏ వరసలో వినాలి? నాకు కళ్లద్దాలున్నాయి. ఇల్లు వేళచ్చేరిలో రోడ్డు పక్కన, ఫ్యాన్ లేకుండా కూర్చోవడం కష్టం.

మిల్లీవోల్ట్:

శ్రుతిపెట్టె గారూ, ముందు వాల్యూమ్ సంగతి తేల్చుకోండి. అది తేలకుండా చేసే పోలికకు విలువ లేదు.

800 ఎస్ 300 ఓమ్స్, 1 వోల్టుకు 102 డెసిబెల్ ఇస్తుంది. ఎల్‌సీడీ ఎక్స్ 20 ఓమ్స్, 1 మిల్లీవాట్‌కు 103 డెసిబెల్. కొలత పద్ధతి వేరు కాబట్టి చూడగానే రెండూ ఒకటే అనిపిస్తాయి. లెక్క వేయండి: 20 ఓమ్స్‌లో 1 మిల్లీవాట్ అంటే 0.14 వోల్టు. అదే 1 వోల్టు ఇస్తే 50 మిల్లీవాట్లు, అంటే సుమారు 120 డెసిబెల్. ఆంప్ నాబ్ కదపకుండా ఒకటి తీసి ఇంకొకటి పెడితే ఎల్‌సీడీ ఎక్స్ 18 డెసిబెల్ ఎక్కువగా మోగుతుంది. మరీ ఇంత తేడా ఎవరైనా గమనించి నాబ్ తగ్గిస్తారు. కానీ చెవి అంచనాతో తగ్గించినప్పుడు 2, 3 డెసిబెల్ మిగిలిపోతుంది, చిక్కంతా అక్కడే. కొంచెం గట్టిగా మోగేది మనకు "నిండుగా", "స్పష్టంగా" వినిపిస్తుంది. వాల్యూమ్ తగ్గేకొద్దీ చెవికి బేస్ ముందు తగ్గుతుంది కాబట్టి రెండోది పల్చబడుతుంది. మీరు చదివిన ఆ మాటల్లో కొంత భాగం ఇదే.

సరిచేయడానికి పరికరాలేమీ కొనక్కర్లేదు. మందపాటి అట్ట ముక్కకు మధ్యలో చిన్న రంధ్రం చేసి, వెనక ఫోన్ మైక్ ఆనించి టేపు వేయండి. హెడ్‌ఫోన్ ప్యాడ్‌ను అట్ట మీద గాలి దూరకుండా ఆనించి, 300 నుంచి 3,000 హెర్ట్జ్ మధ్యకు కుదించిన పింక్ నాయిస్ (అన్ని స్వరాలూ కలిసిన హోరు) మోగించండి. ఒక్క 1 కిలోహెర్ట్జ్ టోన్‌తో చేయకండి, ఆ ఒక్క చోట రెండింటి ఎత్తుపల్లాలు వేరైతే లెక్క మొత్తం తప్పుతుంది. ఫోన్ మీటరు చూపే అంకె నిజం కాకపోయినా ఫర్వాలేదు, రెండింటికీ ఒకే అంకె వస్తే చాలు. అర డెసిబెల్ లోపల కుదరాలి. మీటరు యాప్‌లో ఆటోమేటిక్ గెయిన్ (మైకు స్థాయిని దానంతటదే సర్దడం) ఆపేయడం మరవకండి.

తర్వాత నాబ్ ముట్టకండి. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీవో అనే ప్రోగ్రాం పెట్టి రెండు ప్రీసెట్లు (దాచుకునే అమరికలు) చేసుకోండి: 800 ఎస్‌కు ప్రీఆంప్ (మొత్తం శబ్ద స్థాయి) సున్నా, ఎల్‌సీడీ ఎక్స్‌కు మైనస్ 18 దగ్గర మీ కొలతలో తేలిన అంకె. 24 బిట్‌లో అంత తగ్గించినా వినిపించే నష్టం ఉండదు. ఒక్క జాగ్రత్త: 800 ఎస్ ప్రీసెట్ మీదే ఉండగా ఎల్‌సీడీ ఎక్స్ తగిలించి తలకు పెట్టుకుంటే చెవికి 63 రెట్ల పవర్ వెళ్తుంది. ముందు ప్రీసెట్ మార్చండి, ఆ తర్వాతే ప్లగ్.

ఆంప్ చాలకపోవడం మీ విషయంలో లేదు. 110 డెసిబెల్ పీక్‌కు 800 ఎస్ 2.5 వోల్టులు అడుగుతుంది, కరెంటు 8 మిల్లీఆంప్‌లే. ఎల్‌సీడీ ఎక్స్‌కు 0.32 వోల్టు, 16 మిల్లీఆంప్‌లు చాలు. మీ సింగిల్ ఎండెడ్ 2 వోల్టులతో 800 ఎస్ 108 వరకు వెళ్తుంది. చాలా మెల్లగా రికార్డు చేసిన కచేరీలకు తప్ప బ్యాలెన్స్‌డ్ అవసరం రాదు. బరువైనది కాబట్టి ఎల్‌సీడీ ఎక్స్‌కే పెద్ద ఆంప్ కావాలనుకుంటారు గానీ, వోల్టేజీ అడిగేది 800 ఎస్.

తొప్పినాదం:

మిల్లీవోల్ట్ గారు చెప్పిన లెక్క అయ్యాక ఏం వినాలో నేను చెప్తాను.

ఎల్‌సీడీ ఎక్స్ లాంటి ప్లానర్ (అయస్కాంతాల పక్కన పల్చటి పొర కదిలే రకం) బేస్ కిందిదాకా వెళ్తుంది, 800 ఎస్ సుమారు 60 హెర్ట్జ్ కింద జారుతుంది అన్నది నిజమే. అయితే కచేరీలో ఆ కింద ఏముంది? ఒకటిన్నర శ్రుతిలో పాడే మగ గొంతుకు మధ్యస్థాయి షడ్జం 139 హెర్ట్జ్, మంద్ర పంచమం 104. తంబురాలో మంద్ర తీగ 69, అందులోనూ మనం వినేది ఎక్కువగా జీవాళి (తీగ కింద పెట్టే దారం) లేపే పై స్వరాలనే. తొప్పి (మృదంగం ఎడమ వైపు) గుంకి (చేయి జార్చి లేపే లోతైన నాదం) కూడా చాలావరకు 60కి పైనే. ఆ కింద సభ రికార్డింగులో మిగిలేది ఏసీ రొద, వేదిక మీద అడుగుల చప్పుడు, మైకు స్టాండు కదిలిన మోత. అంటే ప్లానర్ బేస్ లాభం మీ పావు వంతు సినిమా పాటలకు దక్కుతుంది, ముప్పాతిక వంతుకు దక్కదు.

మీకు నిజంగా తేడా చూపించేది 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య ప్రాంతం. ఎల్‌సీడీ ఎక్స్ అక్కడ తగ్గుతుంది. గొంతులో పలుకు, వయొలిన్ కమాను తీగ మీద పట్టే ఒరుపు, వీణ మీటు తగిలే క్షణం, ఇవన్నీ అక్కడే ఉంటాయి. గాయకుడు ఒక అడుగు వెనక్కి జరిగి పాడినట్టు ఉంటుంది. గమకం స్వరంగా వినిపిస్తుంది కానీ "మ", "ని" లాంటి అక్షరాల అంచు మెత్తబడుతుంది. త్యాగరాజ కీర్తన వింటూ సాహిత్యం అక్షరం అక్షరం పట్టుకునే అలవాటున్న తెలుగు శ్రోతకు ఇది చిన్న లోటు కాదు.

800 ఎస్‌లో ఆ అంచు ఉంటుంది, పైగా 56 మిల్లీమీటర్ల రింగ్ రేడియేటర్ డ్రైవర్‌ను (శబ్దం పుట్టించే ఉంగరం ఆకారపు భాగాన్ని) చెవికి దూరంగా, ఏటవాలుగా పెట్టడం వల్ల గాత్రం, వయొలిన్, మృదంగం విడివిడిగా కూర్చున్నట్టు తెలుస్తుంది. దాని బలహీనత ఇంకా పైన ఉంది. 2009లో వచ్చిన మొదటి హెచ్‌డీ 800లో 6 కిలోహెర్ట్జ్ దగ్గర గుచ్చే శిఖరం ఉండేది. ఎస్‌లో దాన్ని అబ్జార్బర్‌తో అణిచారు, పూర్తిగా పోలేదు. మంజీర, మోర్సింగ్, "స", "శ" అక్షరాలు వినండి, చెవికి పదునుగా తగిలితే మీకు అది సరిపడదు.

ఇంకో మాట. పాత ఆకాశవాణి రికార్డింగులు చాలావరకు మోనో (రెండు చెవులకూ ఒకే శబ్దం). మోనో ట్రాక్ ఏ హెడ్‌ఫోన్‌లోనైనా తల మధ్యలోనే నిలుస్తుంది. 800 ఎస్ విశాలత్వం కోసం డబ్బు పెడుతుంటే, మీ దగ్గరున్న వాటిలో స్టీరియో ఎన్నో ముందు చూసుకోండి.

వరస ఇలా పెట్టుకోండి. 20 సెకన్ల ముక్కలు ఐదారు ముందే కోసి ఉంచుకోండి: తంబురా ఒక్కటే మోగే ఆరంభం, మంద్రంలో ఆలాపన, వేగమైన స్వరకల్పన, తనిలో (తాళవాద్యాలు మాత్రమే సాగే భాగంలో) తొప్పి బాగా మోగే చోటు, మోనో టేపు ఒకటి, ఒక సినిమా పాట. ఒకటి, రెండోది, మళ్లీ ఒకటి అనే వరసలో మార్చండి. పది నిమిషాలు ఒకదాన్నే వింటే చెవి దానికి అలవాటుపడి రెండోది తప్పుగా వినిపిస్తుంది. 800 ఎస్ తర్వాత ఎల్‌సీడీ ఎక్స్ దుప్పటి కప్పినట్టు ఉండటం, ఎల్‌సీడీ ఎక్స్ తర్వాత 800 ఎస్ గీరుకుపోవడం, రెండూ మొదటి నిమిషపు భ్రమలు. ఆఖరి అరగంట మాత్రం ఒక్కొక్కటి పావుగంట చొప్పున ఆపకుండా వినండి.

రాగివైరు:

కళ్లద్దాల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను మొదలుపెడతాను. ఎల్‌సీడీ ఎక్స్ బేస్ ప్యాడ్ చుట్టూ గాలి బిగింపు మీద ఆధారపడుతుంది. అద్దాల కాడ దగ్గర సందు పడితే 100 హెర్ట్జ్ కింద దిగిపోతుంది. 30 నుంచి 200 హెర్ట్జ్ స్వీప్ (మెల్లగా పైకి పాకే స్వరం) అద్దాలతో ఒకసారి, తీసి ఒకసారి వినండి. తేడా కొట్టొచ్చినట్టుంటే సన్నని లోహపు కాడలున్న ఫ్రేముతో మళ్లీ చూడండి. అదే స్వీప్ మెల్లగా మోగిస్తే రెండింట్లోనూ డ్రైవర్ లోపం బయటపడుతుంది: ఒక వైపు మాత్రమే గరగర వస్తే డయాఫ్రం (కంపించే పొర) మీద వెంట్రుకో దుమ్మో ఉందని అర్థం.

డెమోలో ప్లానర్‌ను తలకు విసురుగా నొక్కకండి. కప్పులో గాలి ఒక్కసారిగా ఒత్తుకుంటే పల్చటి డయాఫ్రం దెబ్బతింటుంది. లోపలి అయస్కాంతాలు బలమైనవి, సోల్డరింగ్ బల్ల మీద, ఇనుప రజను ఉన్నచోట పెట్టడం కూడా ప్రమాదమే.

బ్యాలెన్స్‌డ్ వాడితే అడాప్టర్ విషయంలో దిక్కు చూసుకోండి. బ్యాలెన్స్‌డ్ కేబుల్‌ను సింగిల్ ఎండెడ్ ఆంప్‌కు మార్చే అడాప్టర్ సురక్షితం. దానికి తిరగేసినది, అంటే బ్యాలెన్స్‌డ్ ఆంప్‌లోంచి మామూలు మూడు కొసల ప్లగ్‌కు మార్చేది, ఎడమ కుడి నెగటివ్‌లను కలిపేస్తుంది, ఆంప్ ఔట్‌పుట్ షార్ట్ అవుతుంది. రిచీ స్ట్రీట్‌లో (చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు) రెండూ దొరుకుతాయి, అమ్మేవాళ్లు ఏది దేనికో అడగరు. నాలుగు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ మీరే కట్టుకుంటే 1 ఎడమ పాజిటివ్, 2 ఎడమ నెగటివ్, 3 కుడి పాజిటివ్, 4 కుడి నెగటివ్.

ఎవరైనా ట్యూబ్ ఆంప్ మీద వినిపిస్తానంటే, ఔట్‌పుట్ ఇంపీడెన్స్ అడగండి. 120 ఓమ్స్ ఉంటే 800 ఎస్‌కు 100 హెర్ట్జ్ చుట్టూ 1.3 డెసిబెల్ దాకా బేస్ పెరుగుతుంది, ఎందుకంటే అక్కడ దాని ఇంపీడెన్స్ 600 ఓమ్స్ పైకి లేస్తుంది. వెచ్చగా, బాగానే ఉంటుంది, కానీ అది మీ పెట్టెతో ఇంట్లో రాదు. ఎల్‌సీడీ ఎక్స్ ఇంపీడెన్స్ అన్ని చోట్లా దాదాపు ఒకటే కాబట్టి దాని స్వభావం మారదు, కానీ 17 డెసిబెల్ పడిపోతుంది.

శ్రుతిపెట్టె:

అందరికీ ధన్యవాదాలు. ఈక్వలైజర్ (ఈక్యూ) పెట్టి లోపాలు సరిచేసుకుంటే రెండూ ఒకటే అయిపోవా? ఫ్యాన్ సంగతి, చెన్నై ఉక్కలో ప్యాడ్ల సంగతి కూడా చెప్పండి.

మిల్లీవోల్ట్:

దగ్గరవుతాయి, ఒకటి కావు. 800 ఎస్‌కు 100 హెర్ట్జ్ దగ్గర లో షెల్ఫ్ (ఆ కిందిదంతా పెంచేది) 4 డెసిబెల్, క్యూ (మార్పు ఎంత ఇరుకో చెప్పే అంకె) 0.7, ప్రీఆంప్ మైనస్ 4. ఎల్‌సీడీ ఎక్స్‌కు 3.5 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య పీక్ 4 డెసిబెల్, క్యూ 1.5, ప్రీఆంప్ అంతే తగ్గింపు, 18 కాక అదనంగా. 800 ఎస్‌కు ప్రీఆంప్ తగ్గించకపోతే క్లిప్ అవుతుంది (శబ్దం హద్దు దాటి చెడుతుంది), ఎల్‌సీడీ ఎక్స్‌కు ఆ అదనపు తగ్గింపు రెండూ సమంగా మోగడానికే. డ్రైవర్ ఎక్కడుంది, చెవి మడతలకు శబ్దం ఏ దిక్కునుంచి తగులుతోంది అన్నది ఈక్యూతో మారదు, అందుకే 800 ఎస్ స్థలభావం ఎల్‌సీడీ ఎక్స్‌కు రాదు. 800 ఎస్‌కు బేస్ ఎక్కువ పెంచితే డిస్టార్షన్ కూడా పెరుగుతుంది, 4, 5 దాటించకండి.

తీర్పు దగ్గర తొప్పినాదం గారితో నాకు పేచీ ఉంది. మీ సేకరణలో మోనో టేపులు ఎక్కువైతే, 800 ఎస్ టేపు హిస్‌ను (బుస శబ్దాన్ని) మొహం మీదికి తెస్తుంది, గంట వింటే అలసట. ఆ 3.5 కిలోహెర్ట్జ్ పెంపుతో ఎల్‌సీడీ ఎక్స్ వాటికి మేలు.

తొప్పినాదం:

బరువు మరిచారు. ఎల్‌సీడీ ఎక్స్ 612 గ్రాములు, 800 ఎస్ 330. రెండున్నర గంటల కచేరీ ఆసాంతం వినేవాళ్లకు మెడ కూడా లెక్కలోకి వస్తుంది. హిస్ కోసమైతే 800 ఎస్‌కు 8 కిలోహెర్ట్జ్ పైన హై షెల్ఫ్ మైనస్ 3 పెట్టి మోనో టేపులకు వేరే ప్రీసెట్ ఉంచుకోవచ్చు. నా ఓటు 800 ఎస్‌కే. సగానికి మించి మోనో అయితే మాత్రం మిల్లీవోల్ట్ గారి మాట వినండి.

రాగివైరు:

ఫ్యాన్: రెండూ ఓపెన్ బ్యాక్ (కప్పుల వెనక భాగం తెరిచి ఉన్నవి), బయటి శబ్దాన్ని దాదాపు ఆపవు. తంబురా ఆఖరి ప్రతిధ్వని, స్వరం చివర ఊపిరి ఫ్యాన్ రొదలో కలిసిపోతాయి. ఏసీని అతి తక్కువ ఫ్యాన్ వేగంలో పెట్టుకుని కిటికీలు మూసి రాత్రి వినగలిగితే సరే. ఫ్యాన్, రోడ్డు రెండూ తప్పవంటే ఇంత డబ్బు ఓపెన్ బ్యాక్ మీద పెట్టకండి, శనివారమే ఒక క్లోజ్‌డ్ బ్యాక్ కూడా అడిగి వినండి.

ప్యాడ్లు: వినగానే పొడి బట్టతో తుడిచి పది నిమిషాలు ఆరనిచ్చి, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టండి. చిన్న హైగ్రోమీటర్ ఒకటి లోపల వేసి 45 నుంచి 50 శాతం దగ్గర ఉంచండి. మరీ 30 కిందికి దింపితే తోలు పగులుతుంది. నీలం జెల్ గులాబీ రంగుకు మారితే 110 నుంచి 120 డిగ్రీల్లో రెండు గంటలు వేడిచేసి మళ్లీ వాడొచ్చు. 800 ఎస్ ప్యాడ్లు మైక్రోఫైబర్, చెమట పీల్చుకుంటాయి కానీ క్లిప్పులతో ఊడొస్తాయి, మార్చడం తేలిక. ఎల్‌సీడీ ఎక్స్ ప్యాడ్లు జిగురుతో అతికించినవి. ఒక అంచు నుంచి మెల్లగా లేపాలి, కత్తిలాంటిది దేన్నీ లోపలికి పోనివ్వకూడదు. సెకండ్ హ్యాండ్ ముక్క డెమోకు ఇస్తే ప్యాడ్ మందం రెండు వైపులా నొక్కి చూడండి. అణిగిపోయిన ప్యాడ్ డ్రైవర్‌ను చెవికి దగ్గర చేసి శబ్దాన్నే మార్చేస్తుంది, మీ లెవెల్ కొలత కూడా దానికి తగ్గట్టు తప్పుతుంది.