ప్లేట్‌లెట్లు 38 వేలు, పిక్ లైన్ చేతిలో రక్తపు గడ్డ: ఎనాక్సాపారిన్ (గడ్డను అదుపు చేసే హెపారిన్ రకం ఇంజెక్షన్) ఎంత?

ప్రశ్న: పెద్దవాళ్ల ఏఎల్ఎల్ (ఒక రకం రక్త క్యాన్సర్), ఇండక్షన్ (మొదటి దశ కీమో) మూడో వారం. ఆస్పరాజినేజ్ (క్యాన్సర్ కణాలకు కావాల్సిన ఆస్పరాజిన్‌ను తీసేసే మందు), డెక్సా (స్టెరాయిడ్) నడుస్తున్నాయి. పిక్ లైన్ (మందులెక్కించడానికి చేతి సిరలో పెట్టే పొడవాటి గొట్టం) ఉన్న చేయి వాచింది, డాప్లర్ స్కాన్‌లో ఆక్సిలరీ (చంక) సిరలో గడ్డ. బరువు 60 కిలోలు, క్రియాటినిన్ నార్మల్. పూర్తి డోసు ఇవ్వచ్చా? లైన్ తీసేయాలా?

జవాబు: ప్లేట్‌లెట్లు తగ్గినంత మాత్రాన గడ్డ ఆగదండి. ఆస్పరాజినేజ్ వల్ల లివర్‌లో ప్రోటీన్ల తయారీ తగ్గి యాంటీథ్రాంబిన్ (రక్తం గడ్డకట్టకుండా చూసే ప్రోటీన్) పడిపోతుంది. పైగా స్టెరాయిడ్, సిరలో గొట్టం. ప్లేట్‌లెట్లు 50 వేలు దాటితే పూర్తి డోసు, కిలోకి 1 మి.గ్రా. చొప్పున 12 గంటలకోసారి. 25–50 వేల మధ్య సగం, అంటే మీ పేషెంటుకు 30 మి.గ్రా. 12 గంటలకోసారి. 25 వేల కన్నా పడితే ఆపాలి. ఊపిరితిత్తులకు పాకిన గడ్డయితే ప్లేట్‌లెట్లు ఎక్కించి 50 వేల పైన ఉంచి పూర్తి డోసే మేలు. చేతి గడ్డకు సగం చాలు. లైన్ పనిచేస్తూ, ఇన్ఫెక్షన్ లేకుండా, ఇంకా అవసరముంటే తీయొద్దు.

ప్రశ్న వేసినవారు: యాంటీథ్రాంబిన్ 42 శాతం. ఎఫ్ఎఫ్‌పీ (దాతల రక్తం నుంచి తీసిన ప్లాస్మా) ఎక్కించాలా?

జవాబు: వద్దు సార్. దాంతో యాంటీథ్రాంబిన్ పెద్దగా పెరగదు, పైగా ఆస్పరాజిన్ లోపలికి పోతుంది, మనం తీసేయాలనుకునేది అదేగా! యాంటీథ్రాంబిన్ తక్కువుంటే హెపారిన్ సరిగా పనిచేయదు. అందుకే ప్లేట్‌లెట్లు 50 వేలు దాటి పూర్తి డోసుకు మారాక, ఇంజెక్షన్ తర్వాత 4 గంటలకు యాంటీ-టెన్-ఏ (మందు ప్రభావం ఎంతుందో చూపే రక్త పరీక్ష) చూడండి, మి.లీ.కి 0.6–1.0 యూనిట్లు ఉండాలి. ఇంట్రాథీకల్‌కు (వెన్నులోకి ఇచ్చే కీమో) 24 గంటల ముందే ఎనాక్సాపారిన్ ఆపండి. కొత్తగా తలనొప్పి, వాంతులు, ఫిట్స్ వస్తే మామూలు సీటీ బాగుందని వదలొద్దు, ఎంఆర్ వీనోగ్రామ్ (మెదడు సిరల్లో గడ్డను చూపే స్కాన్) తీయించండి.