సబ్‌మెరైన్ మ్యాప్ మా బావమరిది లాప్‌టాప్‌లో నల్లగా వస్తోంది, ఎవరైనా చూసి చెప్పండి

పెరిస్కోప్‌బాబు:
అందరికీ నమస్తే. మాది వైజాగ్, ఎంవీపీ కాలనీ. శనివారం రాత్రుళ్లు నలుగురికి ఆన్‌లైన్‌లో, నేను కథ చెప్తుంటే వాళ్లు పాత్రలుగా ఆడే గేమ్ నడుపుతుంటాను. ఇద్దరు మద్దిలపాలెం, ఒకడు హైదరాబాద్, ఇంకొకడు గాజువాకలో ఉండే మా బావమరిది. ఇలాంటి ఆటలకి మ్యాప్ అందరి తెరల మీదా చూపించే ఫౌండ్రీ అనే సాఫ్ట్‌వేర్ కొనుక్కుని మా ఇంట్లో డెస్క్‌టాప్ మీదే హోస్ట్ చేస్తున్నా.

వచ్చే సెషన్ ఒక పాత సబ్‌మెరైన్ లోపల. కథ కల్పితమే గానీ కొలతలు మన బీచ్ రోడ్డు మీద మ్యూజియంగా ఉన్న నేవీ సబ్‌మెరైన్ కురుసురవి. 2002లో మ్యూజియం చేసిన దగ్గర్నుంచి ఊరికి ఏ చుట్టం వచ్చినా నేనే తీసుకెళ్లి చూపించాలి, ఆ లోపలి మలుపులు కళ్లు మూసుకున్నా తెలుసు. పొడవు 91 మీటర్ల చిల్లర, వెడల్పు ఏడున్నర. గడికి ఐదు అడుగుల లెక్కన పొడవు 60 గడులు, వెడల్పు 5. చుట్టూ నీళ్లు కనిపించాలని ఇంకాస్త వదిలి 70 × 15 గడులు చేశా. ముందు గ్రాఫ్ కాగితం మీద గీసి, స్కాన్ చేసి, క్రిటా అనే బొమ్మలేసే సాఫ్ట్‌వేర్‌లో పైన రంగులేశా. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), పీఎన్‌జీ, ఫైలు 31 ఎంబీ. మూడు వారాలు కూర్చున్నా దీని మీద.

నిన్న ఊరికే ఒకసారి అందర్నీ పిలిచి తెరిపించి చూశా. బావమరిదికి టోకెన్లు (పాత్రల చిన్న బొమ్మలు) కనిపిస్తున్నాయి, వాటి వెనక అంతా నలుపే. మిగతావాళ్లకి వచ్చింది గానీ రెండు నిమిషాలు తిరుగుతూనే ఉంది. పైగా గడులు కుదరట్లేదు, ముందు టార్పెడో గదిలో అంతా బాగానే ఉంటుంది, వెనక్కి వెళ్లేకొద్దీ టోకెన్ గోడలోకి ఎక్కుతోంది. గ్రిడ్ అంటే గడికి పిక్సెళ్లు 140 అని పెట్టాను. మళ్లీ మొదట్నుంచి గీయాలంటే నా వల్ల కాదు, ముందే చెప్తున్నా.

గడులలెక్క:
మళ్లీ గీయక్కర్లేదు బాబూ, కంగారు పడకు. అన్నింటికన్నా ముందు ఆ 300 డీపీఐని మర్చిపో. జగదాంబ దగ్గర ఫ్లెక్సీ కొట్టించుకోడానికి వెళ్తే అడుగుతారు డీపీఐ, ఇక్కడ దానితో పని లేదు. తెర మీద లెక్క పిక్సెళ్లదే, గడికి ఎన్ని పిక్సెళ్లు అన్నదొక్కటే. నీ చిత్రం అసలు పొడవు, వెడల్పు ఎంతో చెప్పు. ఇంకో పని, క్రిటాలో ఒక గడి గీత మీద నుంచి పది గడుల అవతల గీత దాకా కొలిచి ఎన్ని పిక్సెళ్లు వచ్చాయో చూడు. ఒక్క గడి కొలవకు, తప్పు బయటపడదు.

పెరిస్కోప్‌బాబు:
9842 × 2109. పది గడులకి 1406 వచ్చింది.

గడులలెక్క:
అదీ సంగతి. నీ గడి 140 కాదు, 140.6. గడికి అర పిక్సెల్ పైచిలుకు తేడా అంటే ఎవరికి కనిపిస్తుంది, కానీ అరవయ్యో గడికి వచ్చేసరికి అది 36 పిక్సెళ్లు, అంటే పావు గడి. టోకెన్ గోడ ఎక్కేది అందుకే. స్కాన్ చేసిన కాగితానికి ఇది ఎప్పుడూ ఉండేదే. ఫౌండ్రీలో గ్రిడ్‌ని అటూ ఇటూ జరిపే సాధనం ఉంది గానీ ఇలా దశాంశంలో పోయిన చిత్రాన్ని ముందే సరిచేసుకోవడం మేలు.

నలుపు సంగతి. గ్రాఫిక్స్ చిప్ ఒకేసారి ఎంత పెద్ద చిత్రాన్ని పట్టుకోగలదో దానికో హద్దు ఉంటుంది. పాత లాప్‌టాప్‌లు, ఫోన్‌లలో చాలాచోట్ల ఒక వైపుకి 4096 లేదా 8192 పిక్సెళ్లు, కొత్తవాటిలో 16384. నీది 9842. మీ బావమరిదిది పాత లాప్‌టాప్ అయితే 8192 దగ్గర ఆగిపోయి ఉంటుంది. ఫైలు ఎన్ని ఎంబీలన్నది కాదు ఇక్కడ అడ్డు, పొడవు. నువ్వు దాన్ని ఒక ఎంబీకి కుదించినా 9842 అలాగే ఉంటే నలుపు నలుపే.

అందుకని చిత్రాన్ని సరిగ్గా 7000 × 1500కి తగ్గించు. గడికి 100 పడుతుంది, ఫౌండ్రీ కొత్త సీన్‌కి మామూలుగా ఇచ్చేది కూడా 100 గ్రిడ్డే. గడుల తేడా, నల్ల తెర రెండూ ఒక్క దెబ్బకి పోతాయి. తగ్గించాక మళ్లీ పది గడులు కొలువు, వెయ్యి రావాలి. తర్వాత వెబ్‌పీగా (ఫైలు చిన్నగా వచ్చే బొమ్మల ఫార్మాట్) ఎగుమతి చెయ్యి, క్వాలిటీ 80, 85 మధ్య. 31 ఎంబీ కాస్తా రెండు మూడుకి దిగుతుంది, కంటికి తేడా తెలియదు.

రెండు నిమిషాలు తిరగడం గురించి కూడా చెప్తాను, ఎందుకంటే అందరూ ప్లేయర్ల నెట్ బాలేదని తిట్టుకుంటారు. హోస్ట్ నువ్వు కాబట్టి మ్యాప్ నీ ఇంట్లోంచి బయటికి వెళ్లాలి, పని చేసేది నీ అప్‌లోడ్. అది 10 ఎంబీపీఎస్ అనుకో, అవి మెగాబిట్లు, ఎనిమిదితో భాగిస్తే సెకనుకి 1.25 ఎంబీ. నలుగురికి 31 చొప్పున 124 ఎంబీ. ఎంత లేదన్నా వంద సెకన్లు. మీ కనెక్షన్ డౌన్‌లోడ్ ఎంతున్నా దీనికి లాభం లేదు. సెషన్‌కి ముందు సీన్ పేరు మీద రైట్ క్లిక్ చేస్తే ప్రీలోడ్ అని ఉంటుంది, అందరూ వచ్చి కబుర్లలో ఉన్నప్పుడే అది నొక్కేస్తే కథ మధ్యలో ఆగదు.

ఉప్పుగాలి:
ఏటి బాబూ, కరెంటు సంగతి ఆలోచించావా? నువ్వు ఇంట్లో హోస్ట్ చేస్తున్నావు. శనివారం రాత్రి మీ వీధిలో కరెంటు పోతే హైదరాబాద్‌లో ఉన్నోడికి కూడా గేమ్ పోయినట్టే. మాకు రెండుసార్లు అయింది, రెండోసారి సరిగ్గా రాక్షసుడి మీద కత్తి ఎత్తినప్పుడు. డెస్క్‌టాప్‌కే కాదు, రౌటర్‌కి కూడా చిన్న యూపీఎస్ పెట్టు.

తొట్లకొండ_డీఎం:
పై లెక్కలన్నీ కరెక్టే. నేను ఆట వైపు నుంచి ఒక మాట చెప్తాను, కోప్పడకండి. కొలతలు నిజంవి కావడం గొప్పే గానీ, ఏడున్నర మీటర్లు అన్నది బయటి వెడల్పు. లోపల నడిచే దారి ఎంత? ఎదురుగా ఒక మనిషి వస్తే పక్కకి తిరిగి పొట్ట లోపలికి పీల్చుకోవాలి. ఐదు అడుగుల గడిలో అది ఒక్క గడి కూడా రాదు. మీ నలుగురూ మొత్తం సెషన్ వరసలో నిలబడతారు, ముందున్నవాడు కొడుతుంటాడు, వెనక ముగ్గురూ ఫోన్లు చూసుకుంటారు. నేను తొట్లకొండ ఆరామం నేల కొలతలతో ఒక మ్యాప్ చేసినప్పుడు ఇదే తప్పు చేశా. భిక్షువుల గదులు అసలు సైజులోనే పెట్టేసరికి ఒక టోకెన్ నిలబడితే రెండోది పట్టలేదు.

పొడవు అలాగే ఉంచండి, అది సబ్‌మెరైన్ అనిపించేది పొడవు వల్లే. దారిని మాత్రం రెండు గడులు చేసేయండి, ఎవరూ టేపు పట్టుకుని రారు. ఇరుకు అనిపించాలంటే గదికీ గదికీ మధ్య ఆ గుండ్రటి హాచ్‌లు ఉన్నాయి కదా, అక్కడ ఒక్కొక్కరే వంగి దూరాలని రూల్ పెట్టండి, కంపార్ట్‌మెంట్లు ఏడు కాబట్టి ఆ గండం ఆరుసార్లు వస్తుంది. టార్పెడో గొట్టాలు ముందు ఆరు, వెనక నాలుగు. ఆ వెనక నాలుగింటిలో ఒకటి దెయ్యానికి ఇచ్చేయొచ్చు.

టోకెన్లకి కూడా వెబ్‌పీయే వాడండి, జేపెగ్ వద్దు. జేపెగ్‌లో పారదర్శకం ఉండదు, గుండ్రటి మొహం చుట్టూ తెల్ల చతురస్రం కనిపిస్తుంది. 400 పిక్సెళ్లు చాలు. బొటనవేలంత బొమ్మకి 3000 పిక్సెళ్ల ఫొటో ఎక్కించేవాళ్లని చూశాను, పది రాక్షసులు దిగేసరికి తెర నత్తనడక. అన్నట్టు ఎప్పుడైనా ఫౌండ్రీ లాంటిదే అయిన రోల్20కి మారితే అక్కడ గడికి 70 పిక్సెళ్ల లెక్క, ఉచిత ఖాతాకి నిల్వ తక్కువే. 

ప్లేయర్లు ఇంకా చూడని చోట్లని కప్పే పొగమంచు పెట్టారు కాబట్టి దాచినవన్నీ దాగాయనుకోకండి. చిత్రం మొత్తం ప్లేయర్ బ్రౌజర్‌లోకి దిగిపోతుంది, పైన ముసుగు మాత్రమే మనం వేసేది. కాస్త కంప్యూటర్ తెలిసినవాడు దాన్ని వేరే ట్యాబ్‌లో తెరుచుకోగలడు. రహస్య ద్వారం, నేల మీద రక్తం లాంటివి మ్యాప్‌లో కలిపి గీయకుండా విడి బొమ్మలుగా ఉంచుకుని సమయానికి పెట్టండి.

పెరిస్కోప్‌బాబు:
అందరికీ థాంక్స్. 7000 × 1500 చేశా, వెబ్‌పీ 2.6 ఎంబీ వచ్చింది. గాజువాకలో తెరుచుకుంది! బావమరిది ఫోన్ చేసి మరీ చెప్పాడు. పది గడులకి సరిగ్గా వెయ్యి. దారి రెండు గడులు చేస్తున్నా, పడుకునే బంకుల బొమ్మలు కొన్ని చెరపాల్సి వచ్చింది, ఒక సాయంత్రం పని. యూపీఎస్ కూడా చూస్తా.

తొట్లకొండ గారూ, మీరు చెప్పాక వెళ్లి చూసుకుంటే వెనక గది మ్యాప్ ఫైలు పేరు దెయ్యం_నాలుగో_గొట్టంలో_ఫైనల్2 అని ఉంది. నిన్న నలుగురూ దాన్ని కూడా లోడ్ చేసుకున్నారు. ఇప్పుడే పేరు మార్చేస్తున్నా.

గడులలెక్క:
ఫోల్డర్‌లో పేరు మారిస్తే సీన్‌లో లింకు తెగిపోతుంది, సీన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి కొత్త ఫైలుని మళ్లీ చూపించు. దెయ్యాన్ని కూడా మూడో గొట్టంలోకి మార్చు.